పక్కనున్న మనిషికి స్ట్రోక్ వస్తే గుర్తుపట్టడం ఎలా: మెట్టు మెట్టుగా

మీ ఇంట్లో ఎవరికో ఇప్పుడే మూతి ఒక పక్కకి లాగేసిందనో, చెయ్యి లేవట్లేదనో, మాట ముద్దగా వస్తోందనో కంగారుపడి ఇది తెరిచారా? అయితే ఇక్కడితో చదవడం ఆపేయండి. మీ ప్రాంతంలో అంబులెన్స్‌కు ఏ నంబరు ఉందో దానికి ఫోన్ చేసి, "స్ట్రోక్ అనుకుంటున్నాం" అని ఆ మాటే చెప్పండి. గడియారం చూసి టైము రాసుకోండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఆ అవసరం ఇంకా రానివాళ్ళ కోసమే ఈ వ్యాసం. 25 ఏళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్ట్రోక్ వచ్చే అవకాశం ఉందని అంచనా. అంటే మనకు రాకపోయినా, మన కళ్ళ ముందు ఎవరికో ఒకరికి వస్తుంది. నేను రాస్తున్నది ఆ చూసే మనిషి కోసం. ఎందుకంటే స్ట్రోక్ వచ్చినవాళ్ళు చాలాసార్లు తమకేమైందో తాము చెప్పలేరు. మాట పోయి చెప్పలేనివాళ్ళు కొందరైతే, అసలు ఏదో అయిందన్న సంగతే తెలియనివాళ్ళు ఇంకొందరు. గుర్తుపట్టాల్సింది పక్కనున్నవాళ్ళే.

ముందు పేరు దగ్గరి చిక్కు

మనలో చాలామంది గుండెపోటును కూడా "హార్ట్ స్ట్రోక్" అనేస్తారు. దాంతో స్ట్రోక్ అనగానే చెయ్యి ఛాతీ మీదికి వెళ్తుంది. ఇది మాటల్లో తేడా మాత్రమే అయితే ఇంత పట్టించుకోనక్కర్లేదు. కానీ గుండెపోటుకు చేసే పనులు ఇక్కడ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి ఎలాగో కింద చెబుతాను. ఇక్కడ స్ట్రోక్ అంటే మెదడుకు వచ్చేది. ఛాతీలో నొప్పి ఉండదు. చాలామందికి అసలు ఎక్కడా నొప్పే ఉండదు, ఆలస్యానికి పెద్ద కారణం అదే. నొప్పి లేదు కాబట్టి పెద్దదేమీ కాదులే అనుకుంటారు.

జరిగేది ఇది. మెదడులోని ఒక రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డుపడుతుంది, లేదా రక్తనాళం చిట్లి రక్తం బయటికి వస్తుంది. ఎక్కువ స్ట్రోకులు మొదటి రకమే. మన బరువులో మెదడు 2 శాతమే ఉన్నా, ఒంట్లోని ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. దాచిపెట్టుకునే అలవాటు దానికి లేదు. రక్తం ఆగితే నిమిషాల్లోనే కణాలు చనిపోవడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో ఒక పరిశోధకుడు లెక్కగట్టాడు. ఆసుపత్రుల్లో స్ట్రోక్ అనగానే అందరూ పరుగులు పెట్టేది అందుకే.

పక్షవాతం అనే మన పాత మాటలో ఒక మంచి గుర్తు ఉంది. పక్షం అంటే ఒక వైపు. మెదడులో ఎడమ సగం ఒంటి కుడి పక్కను నడుపుతుంది, కుడి సగం ఎడమ పక్కను. అందుకే స్ట్రోక్ సాధారణంగా ఒంటికి ఒకే పక్కన కనిపిస్తుంది. అయితే పక్షవాతం అనగానే చెయ్యీ కాలూ పూర్తిగా పడిపోవాలని ఎదురుచూడకండి. చాలాసార్లు అది చాలా చిన్నగా, గ్లాసు చేతిలోంచి జారినట్టుగా మొదలవుతుంది.

మొదటి మెట్టు: ఉన్నట్టుండి వచ్చిందా?

లక్షణం ఏదన్నది తర్వాత. ముందు చూడాల్సింది అది ఎలా వచ్చిందన్నది. పది నిమిషాల క్రితం మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఇప్పుడు మాట్లాడలేకపోతున్నాడు. ఇందాక మెట్లెక్కి వచ్చిన ఆవిడ ఇప్పుడు లేచి నిలబడలేకపోతోంది. ఈ ఇందాకకీ ఇప్పటికీ మధ్య ఉన్న తేడాయే స్ట్రోక్ గుర్తు. నెలల తరబడి మెల్లగా పెరిగిన మోకాళ్ళ బలహీనత, ఏళ్ళుగా ఉన్న వేళ్ళ తిమ్మిరి వేరే కథ.

ఉన్నట్టుండి వచ్చిన మార్పు కనిపిస్తే వెంటనే మూడు పరీక్షలు చేయాలి: మూతి, చెయ్యి, మాట. ఇంగ్లీషులో ఫేస్, ఆర్మ్, స్పీచ్, టైమ్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి దీన్ని "ఫాస్ట్" అంటారు. 1998లో బ్రిటన్‌లో అంబులెన్స్ సిబ్బంది కోసం తయారైంది. నేను మా ఇంట్లోవాళ్ళకు "మూతి, చెయ్యి, మాట, టైము" అని నేర్పాను. మన నోటికి అదే తొందరగా పట్టుబడుతుంది. మూడూ చేయడానికి ఒక నిమిషం కూడా పట్టదు. చేసేటప్పుడు గట్టిగా అరవకండి, రోగిని చుట్టుముట్టకండి. ఎదురుగా కూర్చుని, మొహం వెలుతురులో ఉండేలా చూసుకోండి.

రెండో మెట్టు: మూతి

"నవ్వండి" అంటే భయంలో ఉన్న మనిషికి నవ్వు రాదు. ఏదో బలవంతంగా పెదవి కదిపితే తేడా తెలియదు. దానికి బదులు "ఇ అనండి, పళ్ళు కనబడేలా" అని అడగండి. రెండు పెదవుల మూలలూ సమానంగా వెనక్కి వెళ్ళాలి. ఒక మూల కదలకుండా జారి ఉంటే, లేదా ఒక పక్క పళ్ళే కనిపిస్తే అది గుర్తు. నీళ్ళు తాగుతుంటే ఒక పక్కనుంచి కారిపోయాయని వాళ్ళే చెప్పినా అంతే. ముక్కు పక్కనుంచి పెదవి మూల దాకా ఉండే గీత ఒక పక్క చదునుగా అయిపోవడం కూడా గమనించవచ్చు.

కొందరి మొహం మొదటినుంచీ కాస్త వంకరగా ఉంటుంది. కట్టుడు పళ్ళు తీసేసినప్పుడు కూడా అలా అనిపిస్తుంది. సందేహం ఉంటే ఫోన్‌లో వాళ్ళ పాత ఫొటో ఒకటి తీసి పక్కన పెట్టి చూడండి. ఫొటో కోసం వెతుకుతూ మాత్రం కూర్చోవద్దు.

మూడో మెట్టు: చెయ్యి

"చెయ్యి ఎత్తగలరా?" అంటే స్ట్రోక్ వచ్చినవాళ్ళు కూడా చాలామంది ఎత్తేస్తారు, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. ఎత్తడం సరిపోదు, నిలిపి ఉంచాలి. కళ్ళు మూసుకోమని చెప్పి, రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టమనండి. మీరు పది దాకా మెల్లగా లెక్కపెట్టండి. ఒక చెయ్యి మెల్లగా కిందికి జారుతున్నా, లేక అరచెయ్యి లోపలికి తిరిగిపోతున్నా ఆ పక్క బలహీనత ఉన్నట్టే. అరచెయ్యి పైకి పెట్టమనడంలోనే ఈ పరీక్ష బలమంతా ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి చాపితే చిన్న బలహీనత బయటపడకపోవచ్చు. కళ్ళు మూయించేది కూడా అందుకే. తెరిచి ఉంటే చెయ్యి జారడం చూసి సర్దుకుంటారు.

పడుకుని ఉన్నవాళ్ళయితే చేతులను మంచం మీదనుంచి కొంత ఎత్తుకు లేపి నిలపమనండి. కాలు కూడా ఒక్కొక్కటిగా లేపి ఐదు దాకా లెక్కపెట్టొచ్చు. లేచి నడిచి చూపించమని మాత్రం అనకండి, పడిపోతే తలకు దెబ్బ తగులుతుంది.

తిమ్మిరి గురించి ఇక్కడే చెప్పాలి, నాకు ఇది బాగా గుర్తుండిపోయిన విషయం. మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చిన రోజు నేను పక్క గదిలోనే ఉన్నాను. పొద్దున లేచి చొక్కా బొత్తాలు పెట్టుకోలేక మంచం మీద కూర్చుని ఉన్నారు. ఏమైందని అడిగితే, "చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నట్టున్నాను, తిమ్మిరెక్కింది, కాసేపు ఆగు" అన్నారు. ఆగాం. చెయ్యి రాసాం, వేడి నీళ్ళ సంచి పెట్టాం. గంటన్నర అలా పోయింది. ఆయన ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. కానీ ఆ బొత్తాలు మాత్రం ఈ రోజుకీ మేమే పెడుతున్నాం.

చెయ్యి నొక్కుకుపోయి వచ్చే తిమ్మిరి, చెయ్యి కదిపాక కొద్ది నిమిషాల్లో సూదులు గుచ్చినట్టయి వదిలేస్తుంది. నొక్కుకున్న చోటే ఉంటుంది. స్ట్రోక్ తిమ్మిరి చేతితో పాటు అదే పక్క బుగ్గకో కాలికో పాకవచ్చు, మొద్దుబారినట్టు ఉంటుంది, విదిలిస్తే వదలదు. ఐదు నిమిషాల్లో వదలని ఒక పక్క తిమ్మిరిని నేనింక తిమ్మిరి అనను.

నాలుగో మెట్టు: మాట

ఏదైనా చిన్న వాక్యం చెప్పించండి. "చీకటి పడింది, తలుపు గడియ పెట్టు" లాంటిది చాలు. పెదవులు కలవాల్సిన అక్షరాలు, నాలుక తిరగాల్సిన అక్షరాలు, గొంతులోంచి రావాల్సిన అక్షరాలు అన్నీ అందులో ఉన్నాయి.

ఇక్కడ మూడు రకాల తేడాలు వినిపించవచ్చు. మూడూ వేరువేరు. మాట స్పష్టంగా లేక ముద్దగా, తాగినవాళ్ళ మాటలా రావడం ఒకటి. మాట స్పష్టంగానే ఉన్నా పదం దొరక్క తడుముకోవడం, గడియారాన్ని గొడుగు అనడం, అర్థంలేని మాటలు కలిపి ధారాళంగా మాట్లాడేయడం రెండోది. మీరు చెప్పేది వాళ్ళకు అర్థం కాకపోవడం మూడోది. ఎక్కువమందిలో భాషను చూసుకునేది మెదడు ఎడమ సగం కాబట్టి, మాట తడబాటుతో పాటు కుడి చెయ్యి బలహీనత తరచుగా కలిసి వస్తుంది.

రెండో రకాన్నీ మూడో రకాన్నీ ఇంట్లోవాళ్ళు తరచుగా పొరబడతారు. మతి చెడిందనో, నిద్రమత్తులో ఉన్నారనో, పెద్దవయసు కదా అనో అనుకుంటారు. మూడో రకాన్ని పట్టుకోవాలంటే ఒక చిన్న పని చెప్పండి: "కళ్ళు మూసి తెరవండి", "రెండు వేళ్ళు చూపించండి". చెప్పేటప్పుడు మీరు చేసి చూపించకూడదు. మీ వేళ్ళు చూసి వాళ్ళు కూడా చూపిస్తే మాట అర్థమైందో లేదో మీకు తెలియదు.

మూతి, చెయ్యి, మాట: మూడూ ఉండాలని లేదు. ఉన్నట్టుండి వచ్చిన ఒక్కటి చాలు ఫోన్ చేయడానికి.

ఐదో మెట్టు: నడక, చూపు, తలనొప్పి

పై మూడు పరీక్షలకూ దొరకని స్ట్రోకులు ఉన్నాయి. మెదడు వెనక భాగానికి, చిన్న మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో అడ్డు వస్తే మూతి బాగానే ఉంటుంది, చేతులు లేస్తాయి, మాట కూడా రావచ్చు. కానీ నిలబడితే ఒక పక్కకి తూలిపోతారు. గది తిరిగిపోతున్నట్టుంటుంది, వాంతులవుతాయి. ఒకటి రెండుగా కనిపిస్తుంది. గుటక వేయడం కష్టమవుతుంది. అందుకే కొందరు "ఫాస్ట్" ముందు బ్యాలెన్స్, ఐస్ అనే రెండు మాటలు చేర్చి "బీ ఫాస్ట్" అంటున్నారు. మనం నడక, చూపు అని గుర్తుపెట్టుకుందాం.

కళ్ళు తిరగడం ఎన్నో మామూలు కారణాల వల్ల వస్తుంది. లేవగానే కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోయేదాన్ని చూసి హడలిపోనక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి మొదలై, కూర్చున్నా పడుకున్నా ఆగకుండా, ఆసరా లేకుండా నిలబడలేనంతగా ఉంటే దాన్ని పైత్యం కింద, గ్యాస్ కింద కొట్టిపారేయొద్దు. దానికి తోడు చూపు రెండుగా కనిపించడమో, మాట ముద్దవడమో ఉంటే ఇక ఆలోచించే పనే లేదు.

చూపులో తేడా రెండు రకాలు. ఒక కంటి మీద తెర దిగినట్టు ఆ కన్ను ఒక్కటే చీకటైపోవచ్చు. లేదా రెండు కళ్ళూ తెరిచే ఉన్నా ఎదురుగా ఉన్నదాంట్లో ఒక సగం కనిపించకపోవచ్చు. రెండోదాన్ని రోగి చెప్పలేడు. తలుపు అంచుకు భుజం కొట్టుకోవడం, పేజీలో ఒక పక్క మాత్రమే చదవడం లాంటివి చూసి మనమే పట్టుకోవాలి. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడమంటే ఏ రకమో తేలిపోతుంది.

తలనొప్పి సంగతి వేరు. మెదడు చుట్టూ రక్తస్రావం జరిగినప్పుడు నిమిషంలోపే పరాకాష్ఠకు చేరే భయంకరమైన నొప్పి వస్తుంది. "ఇంతవరకూ ఇలాంటి నొప్పి ఎరగను", "తల మీద ఎవరో సుత్తితో కొట్టినట్టయింది" అంటారు. మెడ పట్టేయడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, స్పృహ తప్పడం తోడవ్వచ్చు. ఇలాంటి నొప్పికి మాత్ర వేసి పడుకోబెట్టడం చాలా ప్రమాదం.

రోగి "నాకేం కాలేదు" అంటే

మెదడు కుడి సగంలో స్ట్రోక్ వచ్చినప్పుడు కొందరికి ఎడమ పక్క తమదన్న సంగతే తెలియకుండా పోతుంది. ఎడమ చెయ్యి లేవడం లేదు, కానీ వాళ్ళు "బాగానే ఉంది కదా, ఎత్తాను కదా" అంటారు. అబద్ధం కాదు, మొండితనం కాదు. ఆ చెయ్యి పని చేయట్లేదని గుర్తించాల్సిన భాగమే దెబ్బతిన్నది. వాళ్ళు నిజంగానే అలా నమ్ముతున్నారు. ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకకపోవడం, తల కుడికే తిప్పి ఉంచడం కూడా ఇలాగే వస్తాయి.

కాబట్టి ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ళ మాట వినడం మానేయాలని ప్రాధేయపడుతున్నాను. నాన్న వద్దంటున్నారు, అత్తయ్య కోప్పడుతోంది, ఆసుపత్రంటే పడదు, పొద్దున్న చూద్దామన్నారు, ఇవన్నీ పక్కన పెట్టండి. వాదించకండి కూడా. "సరే, ఒకసారి చూపించుకుని వచ్చేద్దాం" అని మెత్తగా అంటూనే ఫోన్ చేయండి.

ఆరో మెట్టు: టైము రాసుకోవడం

డాక్టర్లు మొదట అడిగే ప్రశ్న "ఎప్పుడు వచ్చింది?" కాదు, "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?" అని. ఈ రెండూ ఒకటే అనుకుంటాం. కానీ రాత్రి పదింటికి బాగా ఉండి పడుకున్న మనిషి పొద్దున ఆరింటికి మూతి వంకరతో లేస్తే, స్ట్రోక్ ఆరింటికి వచ్చినట్టు లెక్క కాదు, పది నుంచే లెక్క. దాదాపు ఐదింట ఒక స్ట్రోక్ ఇలా నిద్రలోనే వస్తుంది. మధ్యలో నీళ్ళు తాగడానికి లేచారా, ఎవరితోనైనా మాట్లాడారా, ఫోన్‌లో ఏదైనా మెసేజ్ పెట్టారా అని చూడండి. రెండింటికి లేచి మామూలుగా మాట్లాడారని తెలిస్తే నాలుగు గంటలు మిగిలినట్టే.

ఆ గంటలకు అంత విలువ ఎందుకంటే, రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు గడువు ఉంది. 1995లో వెలువడిన ట్రయల్ మూడు గంటలలోపు ఇస్తే మేలని చూపింది. 2008లో అది నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గరి నాళం ద్వారా సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగేసే థ్రాంబెక్టమీ 2015 నుంచి స్థిరపడింది. స్కాన్‌లో ఇంకా కాపాడగలిగే మెదడు మిగిలి ఉందని తేలిన కొందరికి దాన్ని 24 గంటల వరకూ చేయవచ్చని 2018లో తేలింది. నిద్రలో వచ్చినవాళ్ళకు కూడా ఎంఆర్‌ఐ చూసి ఇంజక్షన్ ఇవ్వొచ్చని అదే ఏడాది మరో ట్రయల్ చూపింది. కాబట్టి ఆలస్యమైందని ఇంట్లోనే ఉండిపోవద్దు. అలాగే, నాలుగున్నర గంటలుంది కదా అని నింపాదిగా బయల్దేరొద్దు. ఆ గడువులో కూడా ముందు వెళ్ళినవాళ్ళకే ఎక్కువ ఫలితం. ఆసుపత్రిలో పరీక్షకు, స్కాన్‌కు పట్టే సమయం కూడా అందులోంచే పోతుంది.

ఏడో మెట్టు: ఫోన్, ఆ తర్వాత

సొంత కారుంటే అందులో వేసుకుని పోవాలని మనసు లాగుతుంది. అంబులెన్స్ అందుబాటులో ఉంటే అదే మేలు. సిబ్బంది దారిలోనే రోగిని చూస్తారు, చాలాచోట్ల ముందుగా ఆసుపత్రికి కబురు చేస్తారు, అక్కడ స్కాన్ సిద్ధం చేసుకుంటారు. అంబులెన్స్ రావడం బాగా ఆలస్యమవుతుందని తేలితేనే సొంత బండి. అప్పుడు కూడా నడిపేవాళ్ళు ఒకరు, రోగి పక్కన ఇంకొకరు ఉండాలి. రోగి తానే నడుపుకుంటూ వెళ్ళడం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు.

ఏ ఆసుపత్రి అన్నది చాలా ముఖ్యం. సీటీ స్కాన్ లేని చోటికి, ఎంత దగ్గరైనా, ఎంత తెలిసిన డాక్టరైనా, తీసుకెళ్ళడం వల్ల వచ్చే లాభం తక్కువ. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ చేయకుండా ఎవరూ చెప్పలేరు. ఫోన్ చేసేటప్పుడే "ఇరవై నాలుగు గంటలూ సీటీ స్కాన్, స్ట్రోక్ ఇంజక్షన్ ఉన్నచోటికి" అని అడగండి.

వచ్చేలోపు రోగిని పడుకోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి. స్పృహ లేకపోయినా, వాంతి అవుతున్నా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆగితే ఫోన్‌లో ఉన్నవాళ్ళు చెప్పినట్టు ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి. షుగర్ చూసే మిషన్ ఇంట్లో ఉంటే ఒక్క చుక్కతో చూసి ఆ అంకె రాసుకోండి. వాళ్ళు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకోండి. వార్ఫరిన్, ఎపిక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు ఉంటే, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో తప్పకుండా చెప్పాలి. ఇంజక్షన్ ఇవ్వొచ్చా లేదా అన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది. స్ట్రోక్ వచ్చినప్పుడు కళ్ళారా చూసిన మనిషి కూడా వెంట వెళ్ళాలి, కనీసం వాళ్ళ ఫోన్ నంబరైనా ఉండాలి.

చేయకూడనివి

ఆస్పిరిన్ ఇవ్వకండి. గుండెపోటు అనుకున్నప్పుడు ఆస్పిరిన్ నమలమని చాలామంది విని ఉంటారు. పైన హార్ట్ స్ట్రోక్ అన్న మాట దగ్గర నేను ఆగింది ఇందుకే. స్ట్రోక్ అనగానే అదే గుర్తొచ్చి మాత్ర ఇచ్చేస్తారు. వచ్చింది రక్తస్రావమైతే అది ఇంకా పెరుగుతుంది. గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌కు ఆస్పిరిన్ ఇస్తారు, నిజమే. కానీ అది స్కాన్ అయ్యాక డాక్టర్లు చూసుకోవాల్సిన పని.

బీపీ మాత్ర వేయకండి, నాలుక కింద పెట్టకండి. స్ట్రోక్‌లో బీపీ పెరగడం మామూలు. అడ్డు పక్కనుంచి కొంతైనా రక్తం పంపడానికి ఒళ్ళు చేసే ప్రయత్నం అందులో ఉంటుంది. ఇంట్లో మిషన్‌లో 190 కనిపించగానే కంగారుపడి ఒక్కసారిగా దించేస్తే, చావుబతుకుల మధ్య ఉన్న భాగానికి ఆ కాస్త రక్తం కూడా అందదు. ఎంత దించాలి, ఎప్పుడు దించాలి అన్నది ఆసుపత్రిలో తేలుతుంది.

నోట్లో ఏమీ పోయకండి. నీళ్ళు, పాలు, పండ్ల రసం, మందు, ఏదీ. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో గుటక సరిగా పడనివాళ్ళు చాలామంది. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. దాహం వేస్తోందంటే మనసు కరిగిపోతుంది, తెలుసు. అయినా ఆగాలి.

మర్దన, వేడి కాపడం, వేలికి సూది గుచ్చి రక్తం తీయడం లాంటివి ఫలితం ఇవ్వవు, టైము తింటాయి.

"తగ్గిపోయింది కదా" అనుకున్నప్పుడు

అంబులెన్స్ వచ్చేలోపే మాట మామూలుగా వచ్చేసింది, చెయ్యి లేచింది. అందరూ ఊపిరి పీల్చుకుని, అంబులెన్స్‌ను వెనక్కి పంపేస్తారు. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో అన్నిటికంటే ఎక్కువమందిని కాపాడగలిగే భాగం ఇదే.

దీన్ని టీఐఏ అంటారు, వాడుకలో మినీ స్ట్రోక్. గడ్డ వచ్చి, అడ్డుపడి, దానంతటది కరిగిపోయింది. చాలావాటిలో లక్షణాలు గంటలోపే పోతాయి. కానీ గడ్డ తయారైన చోటు అలాగే ఉంది. మెడలోని నాళంలో కొవ్వు పేరుకుని ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు. అమెరికాలో 2000లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, టీఐఏతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళలో పదిమందిలో ఒకరికి 90 రోజుల్లో పూర్తి స్ట్రోక్ వచ్చింది. అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే. ఆక్స్‌ఫర్డ్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం మరోవైపు చూపింది: టీఐఏ, చిన్న స్ట్రోక్ వచ్చినవాళ్ళకు వెంటనే పరీక్షలు చేసి మందులు మొదలుపెడితే ఆ ముప్పు దాదాపు 80 శాతం తగ్గింది. పెద్దది రాకముందే ఆపే అవకాశం ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. లక్షణాలు ఐదు నిమిషాలే ఉండి పోయినా అదే రోజు, అప్పుడే, ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వచ్చేవారం అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఆ రెండు రోజులూ దాటిపోతాయి.

స్ట్రోక్‌లా కనిపించేవి

షుగర్ బాగా పడిపోతే మాట తడబడుతుంది, ఒక్కోసారి ఒక పక్క బలహీనత కూడా వస్తుంది. ఫిట్స్ వచ్చి తగ్గాక కొంతసేపు ఒక చెయ్యి లేవకపోవచ్చు. మైగ్రేన్‌లో చూపు ముందు మెరుపులు, తిమ్మిరి నిమిషాల కొద్దీ మెల్లగా పాకుతాయి. మొహం నరానికి వచ్చే బెల్స్ పాల్సీలో మూతితో పాటు నుదురు కూడా ముడుచుకోదు, ఆ పక్క కన్ను మూతపడదు. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు బాగానే ఉంటుంది.

ఇవన్నీ చెప్పింది మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని కాదు. నుదురు ముడుచుకోలేదు కాబట్టి స్ట్రోక్ కాదని ఆగిపోతే, పొరబాటుకు ఖరీదు చాలా ఎక్కువ. తప్పుగా అనుమానించి వెళ్తే నష్టం ఒక పూట. ఎమర్జెన్సీ డాక్టర్లు అనవసరంగా వచ్చారని విసుక్కోరు, ఎవరైనా విసుక్కున్నా పట్టించుకోవద్దు.

వయసు చూసి కూడా కొట్టిపారేయొద్దు. ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళకూ వస్తుంది. మెడకు దెబ్బ తగిలి లోపలి నాళం పొర చీలినా, గర్భిణులకూ కొత్తగా ప్రసవించినవాళ్ళకూ కూడా రావచ్చు. బాలింత తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ అంటే నిద్ర చాలకపోవడం అని సరిపెట్టకండి.

ఈ రోజే చేసి పెట్టుకోగలిగినవి

అంబులెన్స్ నంబరు, స్కాన్ ఉన్న ఆసుపత్రి పేరు, అక్కడి ఎమర్జెన్సీ ఫోన్ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనిపించే చోట అంటించండి. ఫోన్లలో దాస్తే లాక్ తీయలేక పిల్లలు నిస్సహాయంగా నిలబడతారు. మందుల జాబితా ఆ కాగితం వెనకే రాయండి, మందు మారినప్పుడల్లా మార్చండి.

బీపీ చూపించుకోండి. స్ట్రోక్‌కు అన్నిటికంటే పెద్ద కారణం అదే, అది లోపల ఉన్నట్టు ఏ లక్షణమూ చెప్పదు. షుగర్, పొగ తాగడం తర్వాత వరసలో ఉన్నాయి. పెద్దవాళ్ళ నాడి పట్టుకుని చూస్తే లయ లేకుండా ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటోందా, ఈసీజీ తీయించండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఆ లయ తప్పడం స్ట్రోక్ ముప్పును సుమారు ఐదు రెట్లు పెంచుతుంది, దానికి మంచి మందులున్నాయి.

ఇక చివరిగా, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒకసారి ఆడించండి. ఒకరు రోగి, ఒకరు పరీక్ష చేసేవాళ్ళు. "ఇ అనండి." "కళ్ళు మూసి చేతులు చాపండి, అరచేతులు పైకి." "చీకటి పడింది, తలుపు గడియ పెట్టు, చెప్పండి." పదేళ్ళ పిల్లలు కూడా రెండుసార్లకే నేర్చుకుంటారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు రోజూ ఒక టైముకు ఫోన్ చేసే మనిషి ఎవరో తేల్చుకోండి. వాళ్ళ మాట రోజూ వినే చెవికే అందులో వచ్చిన తేడా ముందుగా తెలుస్తుంది.